ఇల్లమ్మి చూడు!

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. పెద్దల మాట మీద నాకు గౌరవం లేకపోలేదు గాని, మూడో మాట ఒకటి చెప్పకుండా దాటవేశారని మాత్రం నా ఫిర్యాదు. ఆ మూడో మాట: ఇల్లమ్మి చూడు!

వారికిది తట్టకపోవడానికి కారణం వుంది. ఆ రోజుల్లో ఇల్లు కట్టేవాడు మనవల కోసం కట్టేవాడు. ఇల్లమ్ముకునేవాడు దివాలా తీసినవాడై వుండేవాడు. ఇప్పుడలా కాదు. కొడుకులు బెజవాడలోనో హైదరాబాదులోనో, ఇంకా అదృష్టవంతులైతే అమెరికాలోనో వుంటారు. పల్లెలో ఇల్లు మాత్రం తలుపుకు వేసిన తాళం కప్పకు కాపలా కాస్తూ కూర్చుంటుంది. చల్లపల్లిలో మా ఇల్లూ ఆరేళ్ళపాటు ఆ వుద్యోగమే చేసింది.

బెజవాడ నుంచి అవనిగడ్డ బస్సెక్కితే దారిలో తగులుతుంది మా వూరు. ఒకప్పుడు జమీందారీ రాజధాని. రాజావారి కోట ఇంకా వుంది. ఆ వూళ్ళో మా నాన్నగారు బడిపంతులు. 1974లో ఎనిమిది సెంట్ల స్థలం కొని, రెండు గదులు, వంటిల్లు, పొడుగాటి వసారాతో పెంకుటిల్లు కట్టారు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు మా పెంకులు సగం ఎగిరిపోయాయట. గోడలు మాత్రం నిలబడ్డాయట. కింది వూళ్ళ నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చినవాళ్ళు వారం రోజులు మా వసారాలో తలదాచుకున్నారని అమ్మ చెబుతుంది. నేనప్పటికి పుట్టలేదు.

నాన్నగారు పోయాక అమ్మను నా దగ్గరికి తెచ్చుకున్నాను. నెలకోసారి వెళ్ళి తలుపులు తీసి, బూజులు దులిపి, మళ్ళీ తాళం వేసి రావడం. ఇలా ఎన్నాళ్ళని, కిందటేడు అన్నయ్యా నేనూ ఫోనులో మాట్లాడుకుని, అమ్మేద్దామని తేల్చాం. "రియల్ ఎస్టేట్ ఏజెంటుతో మాట్లాడుతున్నానమ్మా" అని చెబితే ఆవిడ తెల్లబోయింది.

"ఎస్టేటు పోయి ఎన్నేళ్ళయిందిరా? మళ్ళీ ఏజెంట్లను పెట్టారా?" అంది.

మా వూళ్ళో ఎస్టేటంటే ఒకటే, రాజావారి ఎస్టేటు. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక ఆ శిస్తులూ పోయాయి, ఆ వసూళ్ళూ పోయాయి. అమ్మ అప్పటికింకా పుట్టనే లేదు. అయినా ఆ మాటకున్న భయం వాళ్ళ నాన్నగారి నుంచి వారసత్వంగా వచ్చింది. భూమికి పన్నులాగే మాటకూ వారసత్వం వుంటుంది కాబోలు.

తెలుగు మాస్టరును గనుక మాటల సంగతి ఒక్క పేరా అనుమతించండి. ఇంగ్లీషువాడి బ్రోకరు మొదట్లో పీపాకు చిల్లుపెట్టి ద్రాక్షసారా చిల్లరగా అమ్మేవాడట. మనం వాడే దళారీ అరబ్బీ నుంచి వచ్చింది. దారి చూపేవాడని అర్థం. మన పాత నిఘంటువుల్లో తరగరి అని చక్కని మాట వుంది. అతను పుచ్చుకునేది తరగు. పీపాకు చిల్లుపెట్టేవాడు, దారి చూపేవాడు: ఇద్దరూ ఒకే వృత్తిలో వున్నారన్న సంగతి నాకు నిఘంటువులో గాక అనుభవంలో తెలిసింది.

మొదట తగిలినాయన పట్నవాసి. ఇస్త్రీ చొక్కా, రెండు ఫోన్లు. ఇల్లంతా తిరిగి, గోడ మీద వేళ్ళతో తట్టి, "మాస్టారూ, ఇంటికి విలువ సున్నా. స్థలానికే వెల. సెంటుకు 48.4 గజాల చొప్పున 387 గజాలు. అంతే" అన్నాడు. అన్నేళ్ళు మనుషులు బతికిన ఇంటికి సున్నా! విద్యార్థికి సున్నా వేసేటప్పుడు కూడా నేను ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాను.

తరవాత ఆయన మూడు సలహాలిచ్చాడు.

మొదటిది: "మీ చేతికెంత రావాలో చెప్పండి. ఆ పైన ఎంతొచ్చినా నాది. కమీషనే అడగను." వినడానికి ఎంత హాయి! కాని ఆలోచించండి. మన తరఫున బేరమాడవలసినవాడు మన దగ్గర ధర దాస్తే, ఆయన మనవాడా, ఎదుటివాడా? 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఈ సంగతి ఎప్పుడో చెప్పింది. ఏజెంటు యజమానికి తెలియకుండా ఆ వ్యవహారంలో తన స్వంత లాభం చూసుకుంటే, ఆ లాభం తనకివ్వమని అడిగే హక్కు యజమానికి వుంది. హక్కు వుంది సరే, ఎంతకు అమ్మాడో తెలిస్తే కదా అడగడానికి!

రెండోది: "ఒప్పందం కాగితమూ, జి.పి.ఏ.నూ మావాడి పేర రాసిచ్చేయండి. డబ్బిప్పుడే ఇచ్చేస్తాను. రిజిస్ట్రేషను వచ్చినవాడి పేర తరవాత చేసుకుంటాం." ఈ జి.పి.ఏ. అమ్మకాల వల్ల ఆస్తి మీద హక్కు బదిలీ కాదని 2011లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. అన్నయ్య హైదరాబాదు నుంచి రాలేక, తన బదులు సంతకం పెట్టమని నాకు అధికారపత్రం ఇవ్వడం వేరు. ఇల్లమ్మడానికి బదులు అధికారపత్రం అమ్మడం వేరు. మొదటిది సదుపాయం. రెండోది, రేపు ఎవడేం చేసినా కాగితాల్లో మన పేరే యజమానిగా మిగిలివుండే వ్యవహారం.

మూడోది: "తూర్పు గది గోడ పగుళ్ళకు సిమెంటు మెత్తి, సున్నం కొట్టించండి. వానాకాలం వచ్చేదాకా ఎవడికీ తెలియదు."

కృష్ణా డెల్టాలో ఇల్లున్నవారికి ఈ పగుళ్ళ సంగతి చెప్పనక్కరలేదు. మనది నల్లరేగడి నేల. వానకు వుబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది, నెరియలు తీస్తుంది. దాని మీద కూర్చున్న గోడ కూడా దానితో పాటే వూపిరి తీసి వదులుతుంది. మా తూర్పు గోడలో ప్రతి మే నెలలోనూ వేలు దూరేటంత బీట. నాన్నగారు ఏటా పూడ్పించేవారు, ఏటా అది విచ్చుకునేది.

పట్నవాసికి నమస్కారం పెట్టి పంపేశాను.

రెండో ఆయన మా వూరివాడే. బస్సులు ఆగేచోట చిన్న టీ దుకాణం వుంది. ఇళ్ళ బేరాలు టీతో పాటు నడుపుతాడు. చొక్కాకు పై బొత్తాం వుండదు. నూటికి రెండు రూపాయలు కమీషను, రిజిస్ట్రేషను అయిన రోజున, అన్నాడు. కాగితం మీద రాసుకుందామన్నాను. "రాసుకుందాం మాస్టారూ, నాకూ మంచిదే. పనయ్యాక కమీషను ఎగ్గొట్టిన పెద్దమనుషుల్ని చాలామందిని చూశాను" అన్నాడు. తరగరికీ వుంటాయి గాయాలు!

ఆ కాగితం మీద ఐదు సంగతులు రాసుకున్నాం. కమీషను ఎంత, ఎప్పుడు ఇవ్వాలి, కొనేవారి దగ్గర కూడా పుచ్చుకుంటాడా, ఈ ఏర్పాటు ఎన్ని నెలలు, ఈలోగా నాకు నేనే కొనేవాణ్ణి తెచ్చుకుంటే ఏమిటి. పాఠకులు కూడా ఈ ఐదూ రాసుకోండి. 2016లో వచ్చిన రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం ఏజెంట్లు పేరు నమోదు చేసుకోవాలంటుంది నిజమే. కాని అది ఆ చట్టం కింద నమోదైన లేఅవుట్లు, అపార్ట్‌మెంట్ల వంటి ప్రాజెక్టులలో అమ్మకాలకు. తాతలనాటి పెంకుటిల్లు అమ్ముకునేవాడికి ఆ గొడుగు లేదు. రాసుకున్న కాగితమే గొడుగు.

తరవాత కాగితాలు చూపించమన్నాడు. నాన్నగారు కొన్న దస్తావేజు, అంతకుముందరి లింకు దస్తావేజు, ఇంటిపన్ను రశీదులు, ఈ.సీ. అన్నీ ఫైలులో పెట్టి గర్వంగా అందించాను. మా స్థలం గ్రామకంఠంలోది కాదు గనుక బతికిపోయాం. గ్రామకంఠంలో ఇళ్ళున్న చాలామందికి పన్ను రశీదు తప్ప వేరే ఆధారముండదు. అటువంటివారు బేరం పెట్టకముందే తమ సర్వే నంబరు 22-ఎ నిషేధిత జాబితాలో వుందేమో చూసుకోవాలి. బయానా పుచ్చుకున్నాక తెలిస్తే ఏడుపొక్కటే మిగులుతుంది.

టీ దుకాణం ఆయన కాగితాలన్నీ తిరగేసి కళ్ళజోడు తీశాడు.

"అంతా బాగుంది. పంతులుగారికి మీరు ఎంతమంది?"

"ఇద్దరం. అన్నయ్యా, నేనూ."

"ఇద్దరేనా?"

"ఒక చెల్లెలుంది. పెళ్ళయిపోయింది. రేపల్లెలో వుంటుంది."

"పెళ్ళయితే పంతులుగారి కూతురు కాకుండా పోతుందాండీ?" అన్నాడాయన, టీ గ్లాసు కడుగుతూ.

పాతికేళ్ళుగా నేను తరగతిలో స్త్రీల గురించి చెప్పిన పాఠాలన్నీ ఆ గ్లాసులో నీళ్ళతో పాటు కాలవలో కలిశాయి.

ఆ రాత్రి నాతో చదువుకున్న ప్లీడరును అడిగాను. విషయం చాలా తేలికట. నాన్నగారు వీలునామా రాయలేదు. ఇల్లు ఆయన స్వార్జితం. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారమే అది అమ్మకు, అన్నయ్యకు, నాకు, చెల్లాయికి తలా నాలుగో వంతు. ఇదేమీ కొత్త చట్టం కాదు. పిత్రార్జితం విషయంలోనే చట్టం మెల్లగా నడిచింది. ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబరు 5 నుంచి మన రాష్ట్రంలో అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకు కొడుకులతో సమానంగా హక్కు వచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా, పెళ్ళయినా కాకపోయినా, కూతుళ్ళందరికీ వచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి వుండాలన్న నియమం లేదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ.సీ.లో అప్పులు కనపడతాయి, అమ్మకాలు కనపడతాయి. చెల్లెలు కనపడదు. అందుకే చాలా ఇళ్ళల్లో ఆమెను చూడనట్టే సంతకాలు జరిగిపోతాయి.

అన్నయ్యకు ఫోను చేశాను. "దానికేముందిరా, విడుదల దస్తావేజు రాయించు. దాని పెళ్ళికి నాన్న ఎంత ఖర్చు పెట్టాడో నీకు తెలియదా? కట్నమిచ్చాం, సారె పెట్టాం. మంచి పట్టుచీర ఒకటి కొనిపెట్టి సంతకం చేయించుకురా" అన్నాడు. నాకు అది అన్యాయమనిపించలేదు. ఉన్న మాట దాచడమెందుకు? న్యాయంగానే తోచింది. ప్లీడరు చేత కాగితం రాయించి, పట్టుచీర కొని, పులిగడ్డ వంతెన మీదుగా రేపల్లె వెళ్ళాను.

చెల్లాయి మజ్జిగ ఇచ్చింది. అమ్మ ఎలా వుందని అడిగింది. ఇల్లు అమ్ముతున్నామంటే ఒక్క క్షణం వూరుకుంది. కాగితం బయటికి తీశాను. చదవలేదు. "సంతకం ఎక్కడ పెట్టమంటావన్నయ్యా?" అని పెన్ను తీసుకుంది. తీసుకుని, "ఒక్కటి అడగనా? నూతి పక్కన కరివేపాకు చెట్టుందే, దాని పిలక ఒకటి తెచ్చిపెట్టగలవా? వాళ్ళు చెట్టు కొట్టేస్తారేమో" అంది.

ఎనిమిది సెంట్లలో రెండు సెంట్లు ఆమెవి. ఆమె అడిగింది ఒక పిలక!

"ఇందులో ఒక కాగితం తక్కువైంది చెల్లాయ్, మళ్ళీ వస్తాను" అని అబద్ధమాడి సంచీ సర్దుకున్నాను. చీర మాత్రం ఇచ్చి వచ్చాను. అన్నయ్య పెట్టే చీరకు సంతకం అక్కరలేదు గదా.

ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. "ఆ ఇంటి పైకప్పు నా గాజులేరా. నాలుగు జతలు అమ్మి పెంకులు వేయించాం. దస్తావేజులో నా పేరుందా? నన్నెవరూ అడగలేదు, నేనూ అడగలేదు. అది కూడా అడగదు. అడగనివాళ్ళకు ఇవ్వకూడదని ఎక్కడైనా రాసుందా?" అంది.

ఎం.ఏ. చదివినవాడినే గాని ఆ ప్రశ్నకు జవాబు నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

నాలుగు వాటాలని అన్నయ్యకు చెప్పాను. ఆయన ఒప్పుకున్నాడు. సంతోషంగా ఒప్పుకున్నాడని రాస్తే కథకు అందంగా వుంటుంది గాని, అది నిజం కాదు. రెండు నెలలు నాతో మాట్లాడలేదు. ఇప్పటికీ ముక్తసరిగానే మాట్లాడుతాడు. ఇల్లమ్మిన ధరలో అదీ ఒక భాగమని జమ కట్టుకున్నాను.

కొనేవారిని టీ దుకాణం ఆయనే తెచ్చాడు. మచిలీపట్నంలో వుద్యోగం చేసుకుంటున్న దంపతులు. చిన్నపిల్ల వుంది. ఆమెకు వసారా నచ్చింది. ఆయనకు నుయ్యి నచ్చింది. నేను తూర్పు గదిలోకి తీసుకువెళ్ళి బీట చూపించాను. ఆస్తి బదిలీ చట్టం 1882 నుంచీ చెబుతూనే వుంది, అమ్మేవాడికి తెలిసి, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపమేదైనా వుంటే చెప్పి తీరాలని. చట్టం కోసమే చెప్పానంటే గొప్పగా వుంటుంది. ఆ పిల్ల ఆ గదిలో పడుకుంటుందేమోనని చెప్పాను. వాళ్ళు ధర కొంత తగ్గించమన్నారు. తగ్గించాం. చిత్రమేమిటంటే, ఆ తరవాత వాళ్ళు మరి దేనికీ బేరమాడలేదు. బీట చూపించినవాడు మిగతావి దాచడని నమ్మకం కుదిరిందట.

డబ్బు సంగతి. "సగం నగదుగా ఇచ్చేదా?" అని ఆయన మామూలుగా అడిగాడు. స్థిరాస్తి అమ్మకంలో బయానా అయినా సరే 20,000 రూపాయలు, ఆ పైన నగదుగా పుచ్చుకోకూడదు. 2015 జూన్ నుంచి ఇది నిబంధన. తప్పితే పుచ్చుకున్నంతా జరిమానాగా కట్టవలసి రావచ్చు. వెల 50 లక్షలు, ఆ పైన అయితే కొనేవారే నూటికి ఒక రూపాయి మినహాయించి ఆదాయపన్నుకు జమకట్టాలి. మాకంత అదృష్టం లేదు. అమ్మగా వచ్చిన లాభం మీద పన్నుంది. 2024 జూలై 23 నాటి మార్పుతో అది నూటికి పన్నెండున్నర. అంతకుముందే సంపాదించిన ఇల్లయితే, ధరల పెరుగుదలను లెక్కగట్టి మిగిలిన లాభం మీద నూటికి ఇరవై లెక్కన, ఏది తక్కువైతే అది కట్టే వీలు వుంది. లాభాన్ని గడువులోగా మరో ఇంటి మీద పెట్టేవారికి మినహాయింపు వుంది. ఇవన్నీ బేరానికి ముందు ఆడిటరును అడగవలసినవి, తరవాత కాదు. స్టాంపు ఖర్చు, వేరే ఒప్పందం లేకపోతే, కొనేవారిదే.

రిజిస్ట్రేషను నాడు అందరం కలిశాం. అమ్మ సంతకం ముందు పెట్టింది. తరవాత అన్నయ్య, నేను. గుమాస్తా నాలుగో పేరు చదివాడు. చెల్లాయి పెన్ను పుచ్చుకుని ఈసారి కాగితం మొదటినుంచి చివరిదాకా చదివింది. మధ్యలో ఒకచోట ఆగింది. "అమ్మకందారులు" అని వున్నచోట తన పేరు. నెమ్మదిగా సంతకం చేసి, వేలిముద్ర వేసి, వేలికంటిన సిరా తుడుచుకోకుండా కాసేపు అలాగే కూర్చుంది.

కమీషను డబ్బు టీ దుకాణం ఆయన ఖాతాలో వేశాను. రాసుకున్నదానికంటె రూపాయి ఎక్కువ అడగలేదు. "మాస్టారూ, ఆనాడు నేనా మాట అడక్కపోతే ఏం చేసేవారు?" అన్నాడు. "అమ్మేసేవాణ్ణి" అన్నాను. దళారీ అంటే దారి చూపేవాడని అరబ్బువాడు అనడం ఈయనలాంటివాణ్ణి చూసే అయివుంటుంది.

అమ్మ తాళంచెవి ఆ అమ్మాయి చేతిలో పెట్టి, కుంకుమ బొట్టుపెట్టి, "నూతినీళ్ళు పప్పుకు బాగుంటాయమ్మా" అంది. అంతే. వెనక్కి తిరిగి చూడలేదు.

పాఠకులలో ఇల్లమ్మే ఆలోచనలో వున్నవారికి నా మనవి ఒకటే. గజాలు తరవాత కొలవండి. ముందు ఆ ఇంట్లో పుట్టి పెరిగినవాళ్ళను లెక్కపెట్టండి. లెక్కలో ఎవరైనా తక్కువైతే, కొనేవాడి ప్లీడరు కనిపెట్టినా కనిపెట్టకపోయినా, మీకు నిద్ర పట్టదు.

కరివేపాకు పిలక మట్టికుండలో పెట్టి ఆ రోజే చెల్లాయికి ఇచ్చాను. రేపల్లెలో నాలుగాకులు వేసిందట.